ఆకు, కాయ, పసుపు: కేన్సర్ నుంచి ఎంతవరకు కాపాడతాయి?

(తిరుపతిలో మా వీధి గ్రంథాలయంలో ఒక ఆదివారం సాయంత్రం, రిటైరైన బయోకెమిస్ట్రీ లెక్చరర్ ఒకరు మాట్లాడిన మాటలివి. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైపు చేశాం. తడబాట్లు మాత్రమే తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడినవాళ్లు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. అమ్మా, మీరు కూడా రండి, ఫ్యాను కింద కూర్చోండి.

ఈ విషయం మీద మాట్లాడమని ఎందుకడిగారో నాకు తెలుసు. ఇక్కడున్న ప్రతి ఒక్కరి ఫోన్‌లోనూ ఒక మెసేజ్ ఉంటుంది. పసుపు కేన్సర్‌ని చంపేస్తుంది. లక్ష్మణఫలం కీమోథెరపీ కంటే పదివేల రెట్లు గొప్పది. పొద్దున్నే పరగడుపున ఫలానా ఆకు రసం తాగితే జన్మలో కేన్సర్ రాదు. వచ్చిందా లేదా మీకు? వచ్చే ఉంటుంది. ఒకరు కాదు, నలుగురు పంపి ఉంటారు. మంచి మనసుతోనే పంపుతారు, అందుకే కోప్పడలేం. కానీ అది నమ్మి మందులు మానేసినవాళ్లున్నారు చూడండి, వాళ్ల గురించే నా బాధంతా.

మరి అవన్నీ ఒట్టి అబద్ధాలేనా? అదీ కాదు. అందుకే ఈ విషయం కష్టం. మొక్కల్లో ఉండే కొన్ని పదార్థాలు కేన్సర్ మొదలయ్యే దారికి అడ్డం పడతాయన్నది నిజం, లేబొరేటరీల్లో చూశారు, కొంతవరకు మనుషుల్లోనూ చూశారు. కానీ అదే పదార్థాన్ని మొక్కలోంచి బయటికి లాగి మాత్ర చేసి మింగిస్తే ఏమైంది? కొన్నిసార్లు ఏమీ కాలేదు. కొన్నిసార్లు మనుషులు చనిపోయారు. నేను ఈరోజు చెప్పదలుచుకున్నది అదే. తిండిగా తింటే మేలు చేసేది మాత్రగా మింగితే మేలు చేస్తుందని లెక్కేయకూడదు, రోగం రాకుండా కాచేది వచ్చిన రోగాన్ని తగ్గిస్తుందని అసలే అనుకోకూడదు.

మన దేశంలో 2022లో సుమారు 14 లక్షల మందికి కొత్తగా కేన్సర్ వచ్చిందని, 9 లక్షల మందికి పైగా దానివల్ల పోయారని అంచనా. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏమంటుందంటే, కేన్సర్లలో 30 నుంచి 50 శాతం దాకా రాకుండా ఆపుకోవచ్చని. అందులో తిండి ఒక భాగం. పొగాకు, మద్యం, వ్యాక్సిన్లు, శరీర బరువు, ఇవన్నీ మిగతా భాగం. తిండి ఒక్కటే అన్నీ చేసేస్తుందని ఎవరైనా చెప్తే అక్కడే ఆగి ఆలోచించండి.

సరే, అసలు మొక్కకి ఈ పదార్థాలతో ఏం పని? మన కోసం చేసుకుంటుందా? కాదు. మొక్క పరిగెత్తలేదు. పురుగొచ్చి కొరికితే, బూజు పడితే, ఎండ మండిపోతే, అక్కడే నిలబడి కాపాడుకోవాలి. అందుకని ఘాటు, చేదు, వగరు, రంగు, ఇవన్నీ తయారుచేసుకుంటుంది. ముల్లంగి ఘాటు, ఎర్రగడ్డ కోస్తే కళ్లు మండడం, కాకరకాయ చేదు, మామిడి టెంకలో జీడి వగరు, అంతా దాని రక్షణే. పురుగుకి అది విషం. మనం పురుగు కంటే చాలా పెద్దవాళ్లం కాబట్టి ఆ మోతాదు మనల్ని చంపదు, కానీ మన లివర్ దాన్ని గుర్తుపడుతుంది. ఏదో పరాయిది లోపలికొచ్చిందని విషాల్ని విరిచి బయటికి పంపే ఎంజైములు ఎక్కువగా తయారుచేయడం మొదలుపెడుతుంది. వీధిలో కుక్క మొరిగితే ఇంట్లోవాళ్లు లేచి తలుపు గడియలు సరిచూసుకుంటారే, అలాగన్నమాట. ఆ గడియలు వేసి ఉన్నప్పుడు నిజమైన దొంగ, అంటే పొగలోదో బూజులోదో కణంలోని డీఎన్ఏని పాడుచేసి కేన్సర్‌కి దారితీసే పదార్థం వస్తే, దానికి అంత సులువుగా దారి దొరకదు.

దీన్ని బాగా పట్టుకున్నది అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీలో పాల్ తలాలే అనే ఆయన బృందం. 1992లో బ్రోకలీ నుంచి సల్ఫొరఫేన్ అనే పదార్థాన్ని వేరుచేసి, లివర్‌లో ఆ ఎంజైముల్ని బాగా లేపేది ఇదేనని చూపించారు. బ్రోకలీ మనకెందుకు సార్ అంటారు, అవును, మనకెందుకు. అదే కుటుంబంలో మన క్యాబేజీ ఉంది, కాలీఫ్లవర్ ఉంది, ముల్లంగి ఉంది, ఆవాలున్నాయి.

ఇందులో ఒక తమాషా సంగతుంది, వంట చేసేవాళ్లు శ్రద్ధగా వినండి. ఈ కుటుంబం మొక్కల్లో ఆ ఘాటు పదార్థం రెడీమేడ్‌గా ఉండదు. దాని ముడిసరుకు ఒక గదిలో, దాన్ని మార్చే ఎంజైము ఇంకో గదిలో విడివిడిగా ఉంటాయి. మనం కోసినప్పుడో నమిలినప్పుడో గదులు పగిలి రెండూ కలుస్తాయి, అప్పుడు పుడుతుంది. కానీ ఆ ఎంజైము వేడికి చచ్చిపోతుంది. అంటే కోసిన వెంటనే మరిగే నీళ్లలో వేసి కుక్కర్ మూత పెట్టేస్తే? పుట్టాల్సింది పుట్టకుండానే పోయింది. అందుకని కోసి కాసేపు అలా వదిలేయండి, పప్పు ఉడికేలోపు అది గిన్నెలో ఉంటే చాలు. తెల్లగడ్డ కూడా అంతే, చితక్కొట్టి ఓ పది నిమిషాలు ఆగి నూనెలో వేయండి, అందులోని అల్లిసిన్ కూడా చితికాకే పుడుతుంది.

ఇంకోటి. 2018లో ఇంగ్లండ్‌లో ఒక చిన్న పరిశోధన చేశారు. ఉడికించిన బ్రోకలీ మీద పచ్చి ఆవపొడి ఒక గ్రాము చల్లి తినిపిస్తే, చల్లకుండా తిన్నదాని కంటే సల్ఫొరఫేన్ నాలుగు రెట్లు ఎక్కువగా ఒంటికి పట్టింది. ఎందుకు? చచ్చిపోయిన ఎంజైముని ఆవపొడి మళ్లీ తెచ్చిచ్చింది. పోపులో వేగిన ఆవాలు దీనికి పనికిరావు, అవి కూడా వేడికి పోయినవే. పచ్చి ఆవ కావాలి. మరి మన వంటలో పచ్చి ఆవ ఎక్కడుంది? ఆవపెట్టిన కూరలో. స్టవ్ కట్టేసి దించాక ఆవముద్ద కలిపేవాళ్లు కదా, అరటికాయలోనో పనసపొట్టులోనో. క్యాబేజీలో కూడా కలపండి. రుచి కోసమే మొదలుపెట్టుండొచ్చు పెద్దవాళ్లు, వాళ్లకి ఎంజైము సంగతి తెలుసని నేను చెప్పను, కానీ ఆ అలవాటు పోగొట్టుకోవద్దని మాత్రం గట్టిగా చెప్తాను.

ఇప్పుడు మాత్రల దగ్గరికి వద్దాం. ఇది కాస్త నిదానంగా చెప్తాను, ఎందుకంటే ఈ ఒక్క కథ తెలిస్తే షాపులో సీసా చూసి మోసపోరు.

క్యారెట్‌లో, మామిడిపండులో, మునగాకులో, తోటకూరలో బీటా కెరోటిన్ ఉంటుంది. ఇవి బాగా తినేవాళ్లలో ఊపిరితిత్తుల కేన్సర్ తక్కువగా ఉందని 1970ల్లో, 80ల్లో ఒకదాని తర్వాత ఒకటి పరిశోధనలు చెప్పాయి. రక్తంలో బీటా కెరోటిన్ ఎక్కువ ఉన్నవాళ్లకి కూడా కేన్సర్ తక్కువే. ఇంకేం కావాలి? అందరికీ ఏమనిపిస్తుంది? బీటా కెరోటిన్ మాత్ర ఇస్తే సరిపోతుందనే కదా. మీకూ అలాగే అనిపిస్తుంది, పెద్ద పెద్ద శాస్త్రవేత్తలకీ అలాగే అనిపించింది. ఫిన్లాండ్‌లో పొగతాగే మగవాళ్లని 29,133 మందిని తీసుకుని, కొందరికి రోజుకు 20 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్, కొందరికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చి ఐదు నుంచి ఎనిమిదేళ్లు చూశారు. 1994లో ఫలితం వచ్చింది. మాత్ర మింగినవాళ్లలో ఊపిరితిత్తుల కేన్సర్ తగ్గలేదు. 18 శాతం పెరిగింది.

ఎవరూ నమ్మలేదు. ఎక్కడో లెక్క తప్పుంటుందనుకున్నారు. అదే సమయంలో అమెరికాలో ఇంకో పరిశోధన నడుస్తోంది, పొగతాగేవాళ్లు, ఆస్‌బెస్టాస్‌తో పనిచేసినవాళ్లు కలిపి 18,314 మంది, వాళ్లకి బీటా కెరోటిన్‌తో పాటు విటమిన్ ఏ కూడా ఇస్తున్నారు. 1996లో దాన్ని మధ్యలోనే, అనుకున్నదానికంటే 21 నెలల ముందే ఆపేశారు. ఎందుకంటే మాత్ర మింగుతున్నవాళ్లలో ఊపిరితిత్తుల కేన్సర్ 28 శాతం ఎక్కువగా ఉంది, మొత్తం మరణాలు 17 శాతం ఎక్కువగా ఉన్నాయి. వీళ్లు మంచి జరుగుతుందని నమ్మి, తమంతట తాము ముందుకొచ్చిన మనుషులు. ఈ అంకెలు చెప్పేటప్పుడు నాకు ఎప్పుడూ మనసు బరువెక్కుతుంది.

ఇక్కడ అసలు విషయం వినండి. ఆ ఫిన్లాండ్ పరిశోధనలోనే, మొదట్లో తిండి ద్వారా బీటా కెరోటిన్ ఎక్కువ తీసుకుంటున్నవాళ్లని, రక్తంలో అది ఎక్కువ ఉన్నవాళ్లని విడిగా చూస్తే వాళ్లలో కేన్సర్ తక్కువే ఉంది. అదే పదార్థం, అవే మనుషులు. తిండిలో వస్తే ఒకలా, మాత్రలో వస్తే ఇంకోలా. ఎందుకు? క్యారెట్‌లో, ఆకుకూరలో ఆ ఒక్కటే ఉండదు, వందల రకాలు కలిసి, పీచుతో కలిసి, తక్కువ మోతాదులో, రోజంతా కొద్దికొద్దిగా వస్తుంది. పైగా ఆకుకూరలు బాగా తినేవాళ్లకి మిగతా అలవాట్లు కూడా బాగుండొచ్చు. మాత్రలో ఆ ఒక్కటే పెద్ద మోతాదులో వచ్చి, పొగతో నిండిన ఊపిరితిత్తుల్లో పడి, తానే పాడై, ఇంకా పాడుచేసిందని ఒక వివరణ. కాబట్టి పొగతాగేవాళ్లు, మానేసినవాళ్లు కూడా బీటా కెరోటిన్ మాత్రలు వేసుకోకూడదు. మల్టీవిటమిన్ సీసా వెనక చదవండి, కంటి కోసమని ఇచ్చే కొన్ని మాత్రల్లో కూడా ఉంటుంది, డాక్టర్ని అడగండి.

ఇక పసుపు. పసుపు గురించి మాట్లాడకుండా ఇక్కడినుంచి నన్ను పోనివ్వరు. హైదరాబాద్‌లో జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు 1992లో ఒక పరిశోధన ప్రచురించారు. బాగా పొగతాగే 16 మందికి నెల రోజులు రోజుకు ఒకటిన్నర గ్రాముల పసుపు ఇచ్చారు. వాళ్ల మూత్రంలో డీఎన్ఏని మార్చే పదార్థాలు తగ్గాయి. చూడండి, ఒకటిన్నర గ్రామంటే వంటింటి మోతాదే, మన తెలుగునేల మీద చేసిన పని, నాకు దానిమీద చాలా గౌరవం. కానీ అది చెప్పింది అంతవరకే. పదహారు మంది, ఒక నెల, మూత్ర పరీక్ష. కేన్సర్ తగ్గిందని అది చెప్పలేదు, అంత చిన్న పరీక్ష చెప్పగలిగేదీ కాదు. దాన్నుంచి పసుపు కేన్సర్‌ని చంపుతుందనే మాట దాకా మధ్యలో ఎంత దూరం ఉందో ఆలోచించండి.

పసుపులో పనిచేసేదని చెప్పే కర్క్యుమిన్ సుమారు మూడు శాతమే ఉంటుంది. రోగుల మీద చేసిన కొన్ని ప్రయోగాల్లో రోజుకు 8 గ్రాముల కర్క్యుమిన్ ఇచ్చారు. అంత పసుపులోంచి రావాలంటే ఎంత పసుపు తినాలి? లెక్కేయండి. పావుకిలో పైనే. రోజుకి! ఎవరు తింటారు? పోనీ అంత ఇచ్చినా రక్తంలోకి వెళ్లింది చాలా చాలా తక్కువ, మన ఒళ్లు దాన్ని పేగులో, లివర్‌లోనే మార్చేసి బయటికి పంపేస్తుంది. లేబొరేటరీలో గాజు పళ్లెంలో కేన్సర్ కణాల మీద నేరుగా పోసే మోతాదు మన రక్తంలో ఎప్పటికీ రాదు. గాజు పళ్లెంలో కేన్సర్ కణాల్ని చంపడం పెద్ద పనేం కాదు, ఉప్పు ఎక్కువ పోసినా చస్తాయి.

మిరియాలతో కలిపితే బాగా ఒంటికి పడుతుందంటారు కదా సార్? పడుతుంది. బెంగళూరు సెయింట్ జాన్స్ మెడికల్ కాలేజీలో 1998లో చూపించారు, 2 గ్రాముల కర్క్యుమిన్‌తో 20 మిల్లీగ్రాముల పైపరిన్ కలిపితే రక్తంలో 20 రెట్లు పెరిగింది. మిరియాల చారు తాగండి, హాయిగా తాగండి. కానీ కర్క్యుమిన్, పైపరిన్ కలిపి అమ్మే మాత్రల దగ్గర జాగ్రత్త. మిరియాల్లోని ఆ పైపరిన్ చేసే పనేమిటంటే లివర్ తన పని చేయకుండా కాస్త అడ్డుపడడం. అది కర్క్యుమిన్‌కే కాదు, మీరు వేసుకునే ఇతర మందులకీ వర్తిస్తుంది, వాటి మోతాదు కూడా రక్తంలో పెరగొచ్చు. ఇలాంటి పసుపు మాత్రలతో లివర్ దెబ్బతిన్న కేసులు వైద్య పత్రికల్లో వచ్చాయి. కూరలో చిటికెడు పసుపుకి ఈ భయం అక్కర్లేదు. కూరలో పసుపుకి ఉన్న భయమల్లా కల్తీ. కొమ్ములకి మెరుపు రావాలని లెడ్ క్రోమేట్ పూస్తారు, అందులో సీసం ఉంది, కేన్సర్ తెచ్చే రకం క్రోమియం ఉంది. మరీ పచ్చగా మెరిసిపోయే కొమ్ములు కొనకండి.

శెనక్కాయల సంగతి

ఇప్పుడు మన ప్రాంతం సంగతి. ఇది మాత్రం వదిలిపెట్టకుండా వినండి, ఎందుకంటే ఫోన్‌లో ఎవరూ దీన్ని ఫార్వర్డ్ చేయరు.

1960లో ఇంగ్లండ్‌లో లక్ష దాకా టర్కీ కోళ్లు ఉన్నట్టుండి చచ్చిపోయాయి. ఏం రోగమో తెలీక దానికి ఎక్స్ అని పేరు పెట్టారు. వెతగ్గా వెతగ్గా దాణాలో కలిపిన శెనక్కాయ పిండి దగ్గర తేలింది. బూజు పట్టిన శెనక్కాయలు. ఆ బూజు తయారుచేసే విషమే అఫ్లాటాక్సిన్. మన దేశంలో 1974లో గుజరాత్, రాజస్థాన్ పల్లెల్లో వానకి తడిసి బూజు పట్టిన మొక్కజొన్న తిని వందమందికి పైగా చనిపోయారు. అది ఒక్కసారిగా ఎక్కువ తింటే. కొంచెం కొంచెంగా ఏళ్ల తరబడి తింటే లివర్ కేన్సర్. అందులో ఏ సందేహం లేదు, ప్రపంచ ఆరోగ్య సంస్థ కేన్సర్ విభాగం దాన్ని మనుషుల్లో కేన్సర్ తెస్తాయని తేలినవాటి మొదటి జాబితాలోనే పెట్టింది. హెపటైటిస్ బి కూడా ఉన్న మనిషికైతే ఆ ముప్పు ఎన్నో రెట్లు పెరుగుతుంది.

మన చిత్తూరు, మదనపల్లె, పీలేరు వైపు చేలల్లో శెనక్కాయ పంట చివర్లో వాన మొహం చాటేస్తే, నేల ఎండి కాయ లోపలే బూజు పడుతుంది. పీకాక సరిగ్గా ఎండకుండా మూటకడితే ఇంకా పెరుగుతుంది. మీరు ఊరిబిండి, అదే శెనక్కాయల పచ్చడి, చేయడానికి గింజలు చేటలో పోసుకుంటారు కదా, అప్పుడు చూడండి. ముడతలు పడి కుంచించుకుపోయినవి, నల్లబడినవి, పచ్చటి బూజు తగిలినవి, పైపొర చీలి రంగు మారినవి. విషం చాలావరకు ఆ కొన్ని గింజల్లోనే ఉంటుంది. వేయిస్తే పోతుందా? పూర్తిగా పోదు. చేదు గింజ నోట్లో పడితే మింగకుండా ఉమ్మేయండి. గానుగ నూనె ఆడించుకునేవాళ్లు కూడా గింజ ఏరి ఆడించుకోండి, గానుగకి పాడు గింజ వేసి స్వచ్ఛమైన నూనె అనుకుంటే ఎలా? ఆ ఏరేసిన గింజల్ని, బూజు పట్టిన శెనక్కాయ చెక్కని ఆవుకి పెట్టొద్దు కూడా, ఆ విషం కాస్త రూపు మార్చుకుని పాలల్లోకి వస్తుంది. పాడి మీద బతికే ఇళ్లున్న ప్రాంతం మనది, ఆ పాలు తాగేది మన పిల్లలే.

సార్, మొక్కల పదార్థాల గురించి చెప్తానని బూజు గురించి చెప్తున్నారే అనుకుంటున్నారా? అక్కడికే వస్తున్నా. చైనాలో చిడోంగ్ అనే ప్రాంతంలో ఈ విషం వల్ల లివర్ కేన్సర్ చాలా ఎక్కువ. అక్కడ 180 మందికి నాలుగు నెలలు క్లోరోఫిల్లిన్ అనే మాత్ర పూట పూటకీ అన్నంతో ఇచ్చారు. ఆకుపచ్చ రంగునిచ్చే పత్రహరితం ఉంది కదా, దాన్నుంచి తయారుచేసిందది. 2001లో ఫలితం చెప్పారు, అఫ్లాటాక్సిన్ డీఎన్ఏని కొరికిన గుర్తు వాళ్ల మూత్రంలో 55 శాతం తగ్గింది. ఎలా? పేగులోనే ఆ విషాన్ని పట్టుకుని, ఒంట్లోకి పోనివ్వకుండా. మళ్లీ అక్కడే 2014లో బ్రోకలీ మొలకలతో చేసిన పానీయం 291 మందికి 12 వారాలు ఇస్తే, గాలిలో పీల్చుకున్న బెంజీన్ అనే విషాన్ని మూత్రంలో బయటికి పంపడం 61 శాతం పెరిగింది. మొక్కల పదార్థాల మీద మనుషుల్లో చేసిన పరిశోధనల్లో నాకు బాగా నచ్చినవి ఈ రెండూ. కేన్సర్ తగ్గిందని గొప్పలు పోలేదు, విషం ఎక్కడ ఆగిందో కొలిచి చూపించారు.

మరి చిడోంగ్‌లో చివరికి లివర్ కేన్సర్ తగ్గిందా? తగ్గింది. దేనివల్ల? ముఖ్యంగా అక్కడి జనం మొక్కజొన్న మానేసి బియ్యానికి మారడం వల్ల. విషం కంచంలోకే రాలేదు. ఆ తర్వాతి తరానికి హెపటైటిస్ బి టీకా తోడైంది. అందుకని మీ ఇంట్లో మొదట గింజలు ఏరండి, పిల్లలకి టీకా వేయించండి, ఆ తర్వాత ఆకుకూర. ఆకుకూర వద్దనడం లేదు! ఊరిబిండితో సంగటి తినేటప్పుడు పక్కన పుల్లగూర ఉంటే నాకంటే సంతోషించేవాళ్లుండరు.

సంగటి మాట వచ్చింది కాబట్టి. మొక్కల నుంచి వచ్చేవాటిలో కేన్సర్ విషయంలో బలమైన ఆధారం ఉన్నది ఏ రంగు పదార్థానికో కాదు, పీచుకి. ముడి ధాన్యాలు రోజుకి 90 గ్రాముల చొప్పున తినేవాళ్లకి పెద్దపేగు కేన్సర్ ముప్పు సుమారు 17 శాతం తక్కువని ప్రపంచ కేన్సర్ పరిశోధన నిధి లెక్కలు చెప్తున్నాయి. పీచుని పేగులో ఉండే సూక్ష్మజీవులు పులియబెట్టి బ్యూటిరేట్ అనే పదార్థం చేస్తాయి, పేగు గోడ కణాలకి అదే తిండి. రాగుల్లో వగరిచ్చే పదార్థాలు చాలావరకు పైపొరలోనే ఉంటాయి, కాబట్టి జల్లెడ పట్టి తెల్లటి పిండి చేసుకోవద్దు, రంగు ముదురుగానే ఉండనీయండి. మన పోషకాహార సంస్థ 2024లో చెప్పిన కంచంలో రోజుకి 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు ఉన్నాయి. మనలో ఎంతమంది తింటున్నాం? సంగటి ముద్ద పెద్దది, కూర గరిటెడు. అక్కడ మార్చాలి.

టమాటా గురించి ఒక్క మాట, మదనపల్లె మార్కెట్ పక్కనుండి చెప్పకపోతే బాగుండదు. టమాటాలో ఎర్రరంగు లైకోపీన్, నూనెతో ఉడికిస్తేనే బాగా ఒంటికి పడుతుంది, పచ్చిదాని కంటే పప్పులోది, పచ్చడిలోది మేలు. 1995లో హార్వర్డ్ వాళ్లు టమాటా సాస్ ఎక్కువ తినే మగవాళ్లలో ప్రోస్టేట్ కేన్సర్ తక్కువని చెప్పారు. 2007లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ అన్నీ తిరగేసి ఆధారం చాలా తక్కువంది. తినండి, మంచిదే, కానీ లైకోపీన్ మాత్రకి డబ్బు పెట్టకండి.

తాగేవాటి సంగతి

గ్రీన్ టీ అడుగుతారని తెలుసు. అందులో ఉండే క్యాటెచిన్లు లేబొరేటరీలో చాలా పనులు చేశాయి, మనుషుల్లో ఫలితాలు మాత్రం ఒకచోట ఒకలా ఇంకోచోట ఇంకోలా ఉన్నాయి. ఇష్టమైతే తాగండి. గ్రీన్ టీ సారం మాత్రలు వద్దు, వాటిలోని ముఖ్యమైన క్యాటెచిన్, ఈజీసీజీ అంటారు, అది రోజుకి 800 మిల్లీగ్రాములు, అంతకంటే ఎక్కువ పోతే లివర్‌కి దెబ్బ అని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2018లో హెచ్చరించింది.

టీలో ఏముందన్నదానికంటే ఎంత వేడిగా తాగుతున్నారన్నది పెద్ద ప్రశ్న. ఇరాన్‌లో గోలెస్తాన్ అనే చోట 2009లో చూశారు, 70 డిగ్రీలు దాటిన టీ తాగేవాళ్లకి అన్నవాహిక కేన్సర్ ఎనిమిది రెట్లు ఎక్కువ. 65 డిగ్రీలు దాటిన ఏ పానీయమైనా కేన్సర్ తెచ్చే అవకాశం ఉందని 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కేన్సర్ విభాగం కూడా తేల్చింది. పొగలు కక్కుతున్న గ్లాసు నోట్లో పెట్టి గుటుక్కున మింగేస్తాం మనం, బస్టాండు దగ్గర చూడండి. రెండు నిమిషాలు ఆగండి, అంతే కావాలి. కాఫీ తాగేవాళ్లకి ఒక మంచి మాట, లివర్ కేన్సర్ ముప్పు కాఫీ తాగేవాళ్లలో తక్కువగా ఉందని ఆధారాలు బాగానే ఉన్నాయి. చక్కెర తగ్గించుకోండి.

రెడ్ వైన్‌లో ద్రాక్ష తొక్క నుంచి వచ్చే రెస్వెరట్రాల్ ఉంది కదా అన్నది ఎవరు? మీరేనా? వైన్‌లో అది లీటరుకి కొద్ది మిల్లీగ్రాములే. ఆల్కహాల్ మాత్రం బోలెడు, అది నోటి, గొంతు, లివర్, రొమ్ము, పెద్దపేగు కేన్సర్లకి కారణమని తేలిపోయింది. దాని బదులు ద్రాక్షపండు తినండి.

ఇంకా ఒక అపోహ ఉంది, మొక్కదైతే మంచిదేనని. పొగాకు మొక్క కాదా? వక్క మొక్కది కాదా? పొగాకు కలపకపోయినా వక్క ఒక్కటే నోటి కేన్సర్ తెస్తుందని 2004లోనే తేల్చారు. తాంబూలం ఇచ్చిపుచ్చుకోండి, మర్యాద అది, కానీ రోజూ బుగ్గన పెట్టుకుని నమలొద్దు. ఈశ్వరి, గాడిదగడప అని నాటువైద్యంలో వాడే మొక్కలున్నాయి, వాటిలో ఉండే అరిస్టొలోకిక్ ఆమ్లం కిడ్నీల్ని పాడుచేసి మూత్రనాళ కేన్సర్ తెస్తుంది, బెల్జియంలో 1990ల్లో సన్నబడే మందులో ఆ జాతి మొక్క పడి ఎంతోమంది కిడ్నీలు పోయాయి. ఇక లక్ష్మణఫలం. పండు ఎప్పుడైనా తింటే తినండి. కరీబియన్ దీవుల్లో గ్వాడెలూప్ అనే చోట దాని పండు, ఆకు కషాయం ఎక్కువగా వాడేవాళ్లలో పార్కిన్సన్స్ లాంటి నరాల జబ్బు కనిపించిందని 1999లోనే రాశారు. పదివేల రెట్ల మాట గాజు పళ్లెంలోది. మనిషిలో కాదు.

చివరిగా మన సుబ్బారావు గారి గురించి చెప్పి ప్రశ్నలకి వస్తాను. యల్లాప్రగడ సుబ్బారావు, భీమవరంలో పుట్టిన మనిషి, అమెరికాలో లెడర్లీ లేబొరేటరీలో ఫోలిక్ యాసిడ్ తయారుచేసిన బృందాన్ని నడిపించారు. ఆకుకూరల్లో ఉండే విటమిన్ అది, గర్భిణికి ఇస్తాం, రక్తహీనతకి ఇస్తాం, మంచిదే. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టర్ అలాంటి పదార్థాలే బ్లడ్ కేన్సర్ ఉన్న పిల్లలకి ఇచ్చి చూస్తే రోగం ఇంకా వేగంగా పెరుగుతున్నట్టు కనిపించింది. అప్పుడు తిరగేసి ఆలోచించారు. ఫోలిక్ యాసిడ్ లాగే ఉండి దాని పనిని అడ్డుకునేదాన్ని సుబ్బారావు గారి బృందం తయారుచేసిస్తే, 1948కల్లా పిల్లల్లో రోగం కొన్నాళ్లపాటు వెనక్కి తగ్గడం ప్రపంచం మొదటిసారి చూసింది. దాని తమ్ముడే మెథోట్రెక్సేట్, ఇప్పటికీ వాడుతున్నాం. ఆరోగ్యంగా ఉన్న ఒంటికి మేలు చేసే పదార్థమే కేన్సర్ వచ్చాక ఆ కణాలకి కూడా తిండి కావొచ్చు. బిళ్ళ గన్నేరు నుంచి విన్‌క్రిస్టీన్ మందు తీశారు కదా, ఆ ఆకు నమిలితే సరిపోదా అంటారు కొందరు. సరిపోదు, అది విషం, ఎంత మోతాదు ఎప్పుడు ఎక్కించాలో తెలిసినవాళ్ల చేతిలోనే అది మందు.

ఇక అడగండి. అక్కడ, నీలం చీర కట్టుకున్న అమ్మ.

అమ్మ అడిగేదేంటంటే, మా చెల్లెలికి కీమో జరుగుతోంది, పసుపు మాత్రలు, గ్రీన్ టీ ఇంట్లో ఇస్తున్నాం, ఇవ్వొచ్చా అని. అమ్మా, ముందుగా, కూరలో పసుపు ఇవ్వండి, ఆమె తినగలిగినంత మామూలు తిండి ఇవ్వండి, గుడ్డు, పప్పు, పెరుగన్నం, ఇప్పుడు ఆమెకి బలం కావాలి, పథ్యం పేరుతో ఆపొద్దు. మాత్రలు ఈరోజే ఆపండి, డాక్టర్‌ని అడిగేదాకా మళ్లీ మొదలుపెట్టొద్దు. గ్రీన్ టీలో ఉండే ముఖ్యమైన పదార్థం బోర్టెజోమిబ్ అనే కేన్సర్ మందుకి అతుక్కుని అది పనిచేయకుండా చేస్తుందని 2009లో లేబొరేటరీలో, ఎలుకల్లో చూశారు. పంపరపనస లాంటి పండ్లు కొన్ని మందుల మోతాదుని రక్తంలో పెంచేస్తాయి. మీ చెల్లెలికి ఏ మందు ఎక్కిస్తున్నారో నాకు తెలీదు, ఆ డాక్టర్‌కి తెలుసు. తిడతారేమోనని దాచొద్దు. ఇంట్లో ఇస్తున్న ప్రతి సీసా, ప్రతి పొడి పొట్లం ఒక సంచిలో వేసుకుని వచ్చే వారం ఆస్పత్రికి తీసుకెళ్లి టేబుల్ మీద పెట్టండి. ఇవి ఇస్తున్నాం, ఏది ఆపాలి అని అడగండి. వాళ్లు తొందరలో ఉంటే అక్కడ డైటీషియన్ ఉంటారు, వాళ్లనైనా అడగండి. కార్యక్రమం అయ్యాక నా దగ్గరికి రండి, ఆ మాత్రల సీసా వెనక ఏం రాసుందో ఇద్దరం కలిసి చదువుదాం.